ప్రతి సోమవారం సీరియల్ పోర్టు మాయం: 2006 నాటి ల్యాప్‌టాప్‌లో కోడ్ 12

ఆటోనగర్_లేత్
సోమవారం, ఉదయం 10:12

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న టర్నింగ్ షెడ్డు. 2006లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. విండోస్ ఎక్స్‌పీ, 1 గీగాబైట్ మెమరీ, 40 గీగాబైట్ల డిస్క్. వెనుక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. దాని కోసమే ఇన్నేళ్లుగా ఈ పెట్టెను కాపాడుకుంటూ వస్తున్నాను. కంప్యూటర్ ఆదేశాలతో నడిచే మా సీఎన్‌సీ లేత్ మిషన్‌కు ప్రోగ్రాములు ఆ పోర్టు నుంచే కేబుల్ మీద వెళ్తాయి. మిషన్ ల్యాప్‌టాప్ కన్నా పాతది. దానికి యూఎస్‌బీ లేదు, నెట్‌వర్క్ లేదు.

నెల రోజులుగా ఒకటే బాధ. ప్రోగ్రాము పంపే సాఫ్ట్‌వేర్ తెరిస్తే కామ్1ను, అంటే ఆ సీరియల్ పోర్టును, తెరవలేకపోయానని చెబుతుంది. డివైస్ మేనేజర్‌లో సీరియల్ పోర్టు పక్కన పసుపు గుర్తు. దాన్ని నొక్కితే కోడ్ 12: ఈ పరికరానికి కావలసిన వనరులు ఖాళీగా లేవు, వేరే పరికరాన్ని ఆపండి అని. ఏ పరికరాన్ని ఆపాలో మాత్రం చెప్పదు.

మా మేనల్లుడు మర్చంట్ నేవీలో పని చేస్తాడు. మొదటి మూడు సార్లు వాడే ఫోనులో చెప్పాడు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నీలం రంగు సెటప్ తెరలోకి వెళ్లమన్నాడు, ఒక మార్పు చేయమన్నాడు, అంతే, పని చేసింది. వారమంతా బాగుంది. తరువాత మళ్లీ మొదటికి వచ్చింది. ఏం మార్చానో రాసుకోలేదు. ఇప్పుడు వాడు ఓడ మీద ఉన్నాడు, ఫోను అందడం లేదు. శనివారం ఒక దుకాణానికి తీసుకువెళ్తే మూత కూడా తెరవకుండా మదర్‌బోర్డు పోయిందని చెప్పారు.

గురువారానికి 120 బుష్‌లు (చిన్న లోహపు గొట్టాలు) ఇవ్వాలి. ఆపరేటర్ పొద్దున్నుంచి ఖాళీగా కూర్చున్నాడు. ఎవరైనా దారి చూపించండి.

కంచరపాలెం_విద్యార్థి
సోమవారం, 10:31

ఇంత పాత పెట్టెతో తంటాలు ఎందుకండీ? మామూలు ల్యాప్‌టాప్ ఒకటి తీసుకుని యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే కన్వర్టర్ తగిలించండి. మా కాలేజీ ల్యాబ్‌లో అదే వాడుతున్నాం. పైగా ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది.

ఆటోనగర్_లేత్
సోమవారం, 10:38

ఇది నెట్‌కు కలపలేదు బాబూ, ఎప్పుడూ కలపను. కన్వర్టర్ కూడా ప్రయత్నించాను. చిన్న ప్రోగ్రాములు సరిగానే వెళ్లాయి. పెద్దది పంపితే సగంలో మిషన్ మీద బఫర్ (వచ్చిన అక్షరాలను కాసేపు ఉంచుకునే చోటు) నిండిందని అలారం వచ్చింది. టూల్ అప్పటికే జాబ్ (కోస్తున్న ముక్క) మీద ఉంది. విరగలేదు, అదృష్టం. ఆ రోజు నుంచి దాన్ని డ్రాయరులో పడేశాను.

భీమిలి_రేడియో
సోమవారం, 10:55

ఆటోనగర్ గారు చెప్పినది నిజం. బఫర్ నిండుతుండగా మిషన్ వెనక్కు “ఆగు” అనే గుర్తు పంపుతుంది. దాన్ని ఎక్స్‌ఆఫ్ అంటారు. ల్యాప్‌టాప్‌లోని సొంత సీరియల్ చిప్పులో పంపడానికి 16 అక్షరాల నిలువ మాత్రమే ఉంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ ఆపగానే మహా అయితే ఆ పదహారు అక్షరాలు వెళ్లి ఆగిపోతుంది. కన్వర్టర్‌లో అలా కాదు. ఆ గుర్తు యూఎస్‌బీ దాటి కంప్యూటర్‌కు చేరాలి, డ్రైవర్ చదవాలి, ఆపమని తిరిగి చెప్పాలి. ఈలోపు కన్వర్టర్ కడుపులోకి ముందే వెళ్లిపోయిన వందల అక్షరాలు బయటకు వస్తూనే ఉంటాయి. మిషన్‌లో అంత చోటు ఉండదు.

ఎక్స్‌ఆఫ్‌ను చిప్పులోనే గుర్తించే మంచి కన్వర్టర్లు ఉన్నాయి. రోడ్డు పక్కన దొరికేవి మాత్రం లేత్‌కు పెట్టకండి.

మధురవాడ_కోడర్
సోమవారం, 11:02

ఎక్స్‌పీ మళ్లీ కొత్తగా ఎక్కించండి, పోతుంది. పాత డ్రైవర్ల చెత్త పేరుకుపోయి ఉంటుంది.

ద్వారకానగర్_స్క్రూడ్రైవర్
సోమవారం, 11:10

కోడర్ గారూ, ఆ సలహా మాత్రం వద్దు. ఆ ల్యాప్‌టాప్ డ్రైవర్ల సీడీ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? ప్రోగ్రాము పంపే సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా ఆ డిస్క్‌లోనే ఉండి ఉంటుంది. ఒక్కసారి చెరిపితే వెనక్కు రాదు.

ఆటోనగర్ గారూ, మదర్‌బోర్డు పోతే వారమంతా పని చేసి ఒక్క రోజు మొరాయించదు. మూత తెరవకుండా ఆ మాట చెప్పడం తప్పు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, కోడ్ 12 వచ్చిందంటే మీ పోర్టు బతికే ఉంది. దానికి కూర్చోవడానికి చోటు దొరకడం లేదు, అంతే.

స్టార్ట్‌లో రన్ తెరిచి ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టండి. ఎడమ వైపు హార్డ్‌వేర్ రిసోర్సెస్ కింద కాన్‌ఫ్లిక్ట్స్/షేరింగ్ అని ఉంటుంది. అందులో ఏముందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి.

ఆటోనగర్_లేత్
సోమవారం, 11:34

చూశాను. చాలా ఉన్నాయి, భయం వేసింది. కాగితం మీద రాసుకుని ఇక్కడ పెడుతున్నాను.

ఇంటరప్ట్ 11 కింద నాలుగు పేర్లు: గ్రాఫిక్స్, రెండు యూఎస్‌బీలు, నెట్‌వర్క్ కార్డు.
ఇంటరప్ట్ 10 కింద రెండు: సౌండ్, కార్డ్‌బస్.
ఇంటరప్ట్ 4 కింద రెండు: కామ్1, ఇన్‌ఫ్రారెడ్ పోర్టు.
మెమరీ చిరునామాల కింద గ్రాఫిక్స్ పేరు, పరికరాలను కలిపే బస్ పేరు.

మధురవాడ_కోడర్
సోమవారం, 11:41

ఇంటరప్ట్ 11 మీద నాలుగు పరికరాలా! అదే అసలు రోగం. గ్రాఫిక్స్‌ను, నెట్‌వర్క్‌ను ముందు విడదీయండి.

సీతమ్మధార_టీచరు
సోమవారం, 12:20

కోడర్ గారితో ఏకీభవించలేను. 11 జోలికి అసలు వెళ్లకండి. తరగతిలో చెప్పినట్టే కొంచెం వివరంగా చెబుతాను.

ప్రాసెసర్ తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. కీబోర్డు నొక్కినా, పోర్టులోకి అక్షరం వచ్చినా, ఆ పరికరం దాన్ని పిలవాలి. ఆ పిలుపే ఇంటరప్ట్. 1981 నాటి మొదటి పీసీలో ఇటువంటి తీగలు 8 ఉండేవి. 1984లో వచ్చిన పీసీ ఏటీలో రెండో చిప్పు చేర్చి 16 చేశారు, 0 నుంచి 15 దాకా. రెండో చిప్పును మొదటి దానికి 2వ తీగ మీదే తగిలించారు కాబట్టి నికరంగా మిగిలినవి 15. వాటిలో చాలా వరకు అప్పుడూ, ఆ తరువాతి ఏళ్లలోనూ పంచేశారు. గడియారపు టిక్కుకు 0, కీబోర్డుకు 1, ఫ్లాపీకి 6, ప్రింటరు పోర్టుకు 7, టచ్‌ప్యాడ్ వంటి మౌస్‌కు 12, డిస్క్‌లకు 14, 15. కామ్1కు 4, కామ్2కు 3.

ఇక్కడ ఒక ఇరుకు ఉంది. కామ్3కు కూడా 4 ఇచ్చారు, కామ్4కు కూడా 3 ఇచ్చారు. చిరునామాలు మాత్రం వేరు: కామ్1ది 3ఎఫ్8, కామ్3ది 3ఈ8. ఒకే ఇంట్లో రెండు వాటాలు ఉన్నాయనుకోండి. తలుపులు రెండు, కాలింగ్ బెల్ ఒక్కటే. బెల్ మోగితే ఎవరి కోసమో తెలియదు. పాత పద్ధతి తీగల మీద విద్యుత్తు ఒక్కసారి పైకి లేచిన క్షణాన్నే పిలుపుగా లెక్కిస్తారు. రెండు పరికరాలు ఒకదాని వెనుక ఒకటి లేపితే రెండో పిలుపు కలిసిపోయి ఎవరికీ వినబడకుండా పోతుంది. అందుకే అక్కడ పంచుకోవడం కుదరదు.

మీ 10, 11 మీద ఉన్నవన్నీ పీసీఐ అనే తరువాతి తరం పరికరాలు. వాటి పద్ధతి వేరు. పిలిచిన పరికరం తన పని అయ్యేదాకా తీగను వదలదు. ఒకరి పని ముగిసినా తీగ ఇంకా లాగి ఉంటే మరొకరు ఉన్నారని ప్రాసెసర్‌కు తెలుస్తుంది. నలుగురున్నా ఫరవాలేదు. అవి అలా పంచుకునేలాగే తయారయ్యాయి.

కాబట్టి మీ జాబితాలో తగువు ఉన్నది ఒక్క 4 మీదే. ఇన్‌ఫ్రారెడ్ పోర్టును కామ్3గా ఎవరో లేపారు, అది వచ్చి కామ్1 బెల్ మీద కూర్చుంది. మీ మేనల్లుడు నీలం తెరలో మార్పించింది దాన్నే అయి ఉంటుంది.

గోపాలపట్నం_రైలు
సోమవారం, 12:26

తలుపులు రెండు, బెల్ ఒకటి. మా క్వార్టర్సులో పదేళ్లు ఇదే పరిస్థితి. పాలవాడు వస్తే రెండు వాటాల వాళ్లూ గిన్నెలతో బయటకు వచ్చేవాళ్లం. టీచరు గారూ, ఇప్పుడు అర్థమైంది.

ద్వారకానగర్_స్క్రూడ్రైవర్
సోమవారం, 12:33

టీచరు గారు పట్టుకున్నారు. ఆ కాలపు ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ఒక అంచున ముదురు ఎరుపు ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది, అదే ఇన్‌ఫ్రారెడ్. అప్పట్లో ఫోనును ఎదురుగా పెట్టి నంబర్లు పంపుకునేవారు. ఇప్పుడు దానితో ఎవరికీ పని లేదు.

మొదలయ్యేటప్పుడు ఎఫ్2 నొక్కి సెటప్‌లోకి వెళ్లండి. ఇన్‌ఫ్రారెడ్ డేటా పోర్టు అనే వరుసలో కామ్3 అని ఉంటే ఆఫ్ చేయండి. సీరియల్ పోర్టు వరుసలో ఆటో అని ఉంటే కామ్1 అని ఖాయం చేయండి. సేవ్ చేసి బయటకు రండి. మార్చేముందు ప్రతి తెరనూ ఫోనుతో ఫోటో తీయండి, మరిచిపోకండి.

ఆటోనగర్_లేత్
సోమవారం, మధ్యాహ్నం 1:15

పని చేసింది! మీరు చెప్పినట్టే ఇన్‌ఫ్రారెడ్ కామ్3 మీద ఉంది. ఆఫ్ చేశాను. పసుపు గుర్తు పోయింది. ఆపరేటర్ మొదటి బుష్ కట్ చేస్తున్నాడు. టీచరు గారూ, స్క్రూడ్రైవర్ గారూ, మీ మేలు మరవను.

నా మనసులో మిగిలిన ప్రశ్న ఒకటే. నెలలో మూడు సార్లు ఇదే మార్పు చేశానని ఇప్పుడు గుర్తుకు వచ్చింది. మరి ఎవరు తిరిగి లేపుతున్నారు?

మధురవాడ_కోడర్
సోమవారం, 1:22

టీచరు గారి వివరణ చదివాను. పీసీఐ సంగతి నాకు తెలియదు, నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. మార్పు తిరిగి పోవడం మాత్రం వైరస్ పని అనుకుంటున్నాను. పెన్‌డ్రైవ్‌లు పెడుతున్నారా?

కంచరపాలెం_విద్యార్థి
సోమవారం, 1:30

వైరస్ బయోస్‌లోకి, అంటే ఆ సెటప్‌లోకి, వెళ్లి ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే ఆన్ చేస్తుందా? నాకు నమ్మకం లేదు. ఆపరేటర్ ఏమైనా నొక్కుతున్నాడేమో కనుక్కోండి.

ఆటోనగర్_లేత్
సోమవారం, 1:52

ఆపరేటర్‌ను అడిగాను. అతను మంచివాడు, దాచే మనిషి కాదు. సోమవారం పొద్దున్న ఆన్ చేయగానే నల్ల తెర మీద రెండు వరుసల ఇంగ్లీషు వస్తుందట, అడుగున ఎఫ్1, ఎఫ్2 అని ఉంటాయట, ఎఫ్1 నొక్కితే మామూలుగా తెరుచుకుంటుందట. ఎప్పుడూ ఉండేదే అనుకున్నాడు. మిగతా రోజుల్లో ఆ వరుసలు రావని కూడా చెప్పాడు.

ఇంకో చిన్న విషయం. గత సోమవారం దాచిన బుష్ ప్రోగ్రాము కోసం ఇవాళ చాలాసేపు వెతికాను. తేదీల వరుసలో చూస్తే పైన లేదు. అట్టడుగున దొరికింది. తేదీ 2005 జనవరి 1 అని ఉంది.

గోపాలపట్నం_రైలు
సోమవారం, 1:58

2005 జనవరి 1! కంప్యూటర్ కొన్నదే 2006లో కదా. గడియారం వెనక్కు పోయిందంటే లోపలి బటన్ సెల్ అయిపోయినట్టే. మా అబ్బాయి డెస్క్‌టాప్‌కు అచ్చం ఇలాగే జరిగింది.

ద్వారకానగర్_స్క్రూడ్రైవర్
సోమవారం, 2:10

రైలు గారూ, సరిగ్గా చెప్పారు. ఆటోనగర్ గారు గడియారం మాట మొదటే రాసి ఉంటే పొద్దున్నే తేలిపోయేది. నేను కూడా అడగలేదు, అడిగి ఉండవలసింది.

సెటప్‌లో మనం చేసిన మార్పులు చిన్న మెమరీలో ఉంటాయి. అన్నీ ఆపేసినప్పుడు దాన్ని, గడియారాన్ని బతికించేది ఒక బటన్ సెల్. అది చచ్చిపోతే కంపెనీ పెట్టిన మొదటి అమరికలు తిరిగి వస్తాయి. మీ ల్యాప్‌టాప్ మొదటి అమరికలో ఇన్‌ఫ్రారెడ్ ఆన్. ఎఫ్1 నొక్కితే ఆ అమరికలతోనే తెరుచుకుంటుంది.

ఇప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. పెద్ద బ్యాటరీ ఉందా, తీసేశారా? రాత్రిళ్లు ప్లగ్గు తీస్తారా?

ఆటోనగర్_లేత్
సోమవారం, 2:24

పెద్ద బ్యాటరీ ఉబ్బిందని రెండేళ్ల క్రితమే తీసేశాను. నేరుగా అడాప్టర్ మీద నడుస్తోంది. రోజూ ల్యాప్‌టాప్ మాత్రమే ఆపుతాం, ప్లగ్గు అలాగే ఉంటుంది. శనివారం రాత్రి షెడ్డు మెయిన్ దించేసి వెళ్తాం, ఆదివారం సెలవు. ఇంతకు ముందు ఇన్వర్టర్ ఉండేది, ల్యాప్‌టాప్ దాని మీదే ఉండేది. నెల క్రితం అది పాడైంది.

సీతమ్మధార_టీచరు
సోమవారం, 2:31

ఇక సందేహం లేదు. అడాప్టర్ ప్లగ్గులో ఉన్నంతకాలం ఆ చిన్న మెమరీకి అక్కడి నుంచే కరెంటు అందుతోంది, బటన్ సెల్‌తో పని పడలేదు. శనివారం రాత్రి మెయిన్ దించగానే భారమంతా చచ్చిన సెల్ మీద పడుతోంది. సోమవారానికి అంతా మరిచిపోతోంది. ఆ సెల్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్నన్నాళ్లూ బయటపడలేదు.

కంచరపాలెం_విద్యార్థి
సోమవారం, 2:36

నేను పొద్దున్న “కొత్తది కొనండి” అని తేలిగ్గా అనేశాను. ఇంత తర్కం ఉందని అనుకోలేదు. ఇవన్నీ మాకు సిలబస్‌లో పేర్లుగానే వచ్చాయి.

ద్వారకానగర్_స్క్రూడ్రైవర్
సోమవారం, 2:48

గురువారం ఆర్డరు ఇచ్చేదాకా మూత తెరవవద్దు, ప్లగ్గు తీయవద్దు. కరెంటు పోతే సెటప్‌లో మళ్లీ ఆ రెండు వరుసలు మార్చుకోండి, ఫోటోలు ఉన్నాయి కదా. శుక్రవారం తీరికగా విప్పండి.

సెల్ సాధారణంగా సీఆర్2032, 3 వోల్టులది. ల్యాప్‌టాప్‌లలో నల్లని ప్లాస్టిక్ తొడుగులో చుట్టి, ఎరుపు, నలుపు తీగలతో చిన్న ప్లగ్గు పెట్టి ఉంటుంది. కొన్నిట్లో మెమరీ మూత కిందే కనబడుతుంది, కొన్నిట్లో కీబోర్డు లేపాలి. మల్టీమీటరు పెట్టి చూడండి. కొత్తది 3 వోల్టులకు కాస్త పైనే చూపిస్తుంది.

పెందుర్తి_పాతసామాను
సోమవారం, 4:05

మా దగ్గర విప్పిన ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన తీగల ప్లగ్గులు చాలా ఉన్నాయి. పాత సెల్ తొడుగు కోసి, కొత్త సెల్‌కు తీగలు టంకం వేసుకుంటే సరిపోతుంది.

భీమిలి_రేడియో
సోమవారం, 4:17

వద్దు, వద్దు! లిథియం బటన్ సెల్ మీద నేరుగా టంకం పెట్టకూడదు. వేడికి లోపలి పొర దెబ్బతింటుంది, సెల్ పగిలి కంట్లో పడే ప్రమాదం ఉంది. నా కళ్ల ముందే ఒకటి టపాకాయలా పేలింది, అదృష్టం కొద్దీ ఎవరికీ తగలలేదు. రేకు చెవులు ముందే వెల్డింగు చేసి అమ్మే సెల్ దొరుకుతుంది. టంకం ఆ చెవులకు వేయండి, సెల్‌కు కాదు.

పెందుర్తి_పాతసామాను
సోమవారం, 4:25

నిజమే రేడియో గారూ, తొందరపడి రాశాను. చెవులున్నవే వాడాలి. ప్లగ్గు కావాలంటే ఆటోనగర్ గారికి ఊరికే ఇస్తాను.

ఉక్కునగరం_1990
మంగళవారం, ఉదయం 7:40

రాత్రి మొత్తం చదివాను. నా అనుభవం ఒకటి చెబుతాను, ఈ ఊరి వాళ్లకు పనికి వస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి గదంతా జల్లు కొట్టింది. ల్యాప్‌టాప్ బీరువా పైన ఉంది, తడవలేదని అనుకున్నాను. కరెంటు వచ్చాక బాగానే పని చేసింది. ఆరేడు నెలలకు టచ్‌ప్యాడ్ ఒక రోజు పని చేస్తే ఒక రోజు చేయదు. డ్రైవర్లు మార్చాను, విండోస్ మార్చాను. చివరకు ఒక పెద్దాయన విప్పి చూపించారు. టచ్‌ప్యాడ్ పట్టీ కనెక్టరులో పిన్నుల మీద పచ్చని చిలుము. ఆల్కహాలుతో తుడిచి పెడితే మళ్లీ మూడేళ్లు నడిచింది.

తుఫాను అక్కర్లేదు, మామూలు రోజుల్లో కూడా మనది ఉప్పుగాలి. ఆటోనగర్ బాబూ, నీ షెడ్డులో దానికి తోడు ఇనుప పొడి. సెల్ మార్చేటప్పుడు ఆ ప్లగ్గు పిన్నులు కూడా చూడు నాయనా. కొత్త సెల్ పెట్టి పాత చిలుము వదిలేస్తే మళ్లీ అదే కథ.

గోపాలపట్నం_రైలు
మంగళవారం, 8:05

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మా ఇంట్లోనే ఇనుప గేటు ఏడాదికి ఒకసారి రంగు అడుగుతుంది.

భీమిలి_రేడియో
మంగళవారం, 8:30

ఆటోనగర్ గారికి మరో మాట. లేత్‌కు, ల్యాప్‌టాప్‌కు మధ్య సీరియల్ కేబుల్‌ను రెండూ ఆన్‌లో ఉండగా పీకడం, పెట్టడం చేస్తున్నారా? చేయకండి. రెండింటి ఎర్తుల మధ్య తేడా ఉంటే ఆ తేడా అంతా కేబుల్‌లోని సన్నని తీగ గుండా పోర్టు చిప్పులోకి పోతుంది. పక్క షెడ్డులో వెల్డింగు నడుస్తుంటే మరీ ప్రమాదం. ఇంత కష్టపడి బతికించుకున్న పోర్టు ఒక్క మెరుపుతో పోతుంది. రెండూ ఒకే ఎర్తు ఉన్న బోర్డు నుంచి తీసుకోండి. వీలైతే మధ్యలో ఆప్టో ఐసొలేటర్ పెట్టండి. అందులో సంకేతం వెలుగుగా దాటుతుంది, కరెంటు దాటదు.

ఆటోనగర్_లేత్
మంగళవారం, 9:10

పక్క షెడ్డులో రోజంతా వెల్డింగే. కేబుల్ ఆన్‌లోనే పెడుతున్నాం, తెలియక. ఇవాళే బోర్డు మీద కాగితం అంటించాను: “కేబుల్ ముట్టే ముందు రెండూ ఆపు”.

ఆటోనగర్_లేత్
గురువారం, సాయంత్రం 6:20

120 బుష్‌లు ఇచ్చేశాం. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. రేపు విప్పుతాను.

ఆటోనగర్_లేత్
శుక్రవారం, మధ్యాహ్నం 3:45

విప్పాను. మూడు మరలు తీసి కీబోర్డు లేపితే ఎడమ మూలలో నల్లని తొడుగులో ఉంది. మీటరు పెడితే 0.9 వోల్టులు.

ఉక్కునగరం పెద్దాయన మాట వినకపోతే తప్పు చేసేవాడిని. ప్లగ్గు బయటకు తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. ఎర్ర తీగ పిన్ను చుట్టూ ఆకుపచ్చ పొర, గోరుతో గీకితే పొడిగా రాలింది. ఎదురుగా బోర్డు మీద ఉన్న పిన్ను కూడా మసకబారి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో పాత టూత్‌బ్రష్ ముంచి, రాగి మెరుపు కనబడేదాకా మెల్లగా రుద్దాను. పావుగంట ఆరనిచ్చాను. పెందుర్తి గారు బస్సులో మనిషి చేత పంపిన ప్లగ్గుకు చెవులున్న కొత్త సెల్ కట్టి పెట్టాను. ప్లగ్గు దగ్గర మీటరు 3.1 చూపించింది.

సెటప్‌లో తేదీ సరిచేశాను, ఇన్‌ఫ్రారెడ్ ఆఫ్, సీరియల్ కామ్1. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ అడుగున అంటించాను. రేపు రాత్రి మెయిన్ దించుతాం. అసలు పరీక్ష సోమవారమే.

సీతమ్మధార_టీచరు
శుక్రవారం, 4:02

ఆ 0.9, ఈ 3.1 మా పిల్లలకు చూపిస్తాను. అనుమతి ఇస్తారు కదా?

ఆటోనగర్_లేత్
శుక్రవారం, 4:06

అడగాలా టీచరు గారూ! తప్పకుండా చూపించండి.

మధురవాడ_కోడర్
ఆదివారం, రాత్రి 9:15

రేపటి కోసం నేను కూడా ఎదురుచూస్తున్నాను.

ఆటోనగర్_లేత్
సోమవారం, ఉదయం 9:04

నల్ల తెర రాలేదు. ఎఫ్1 అడగలేదు. గడియారం నా చేతి గడియారంతో నిమిషం తేడా లేకుండా ఉంది. కామ్1 తెరుచుకుంది. ఆపరేటర్ ముందు నమ్మలేదు, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూశాడు.

ద్వారకానగర్_స్క్రూడ్రైవర్
సోమవారం, 9:20

చాలా సంతోషం. ఇక మీరు చేయవలసిన పని ఒక్కటే మిగిలింది. ఆ డిస్క్ వయసు కూడా ఇరవై ఏళ్లు. పోర్టు బతికినా డిస్క్ ఆగిపోతే ప్రోగ్రాములు, లైసెన్సు అన్నీ పోతాయి. ఫైళ్లు కాపీ చేస్తే చాలదు, డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఉన్నది ఉన్నట్టు ఒకే ప్రతిగా, తీయాలి. 44 పిన్నుల పాత ఐడీఈ డిస్క్ కాబట్టి దానికి తగిన యూఎస్‌బీ అడాప్టర్ కావాలి.

కంచరపాలెం_విద్యార్థి
సోమవారం, 9:33

ఆ అడాప్టర్ మా ల్యాబ్‌లో ఉంది, సార్‌ను అడిగి తెస్తాను. ఆటోనగర్ గారూ, శనివారం మధ్యాహ్నం రావచ్చా? లేత్ కూడా చూడాలని ఉంది.

ఆటోనగర్_లేత్
సోమవారం, 9:36

తప్పకుండా రా బాబూ. ఎన్‌ఏడీ కూడలి దగ్గర గాజువాక బస్సు ఎక్కి, దిగగానే ఫోను చెయ్యి. నేనే వచ్చి తీసుకువెళ్తాను. భోజనం మాతోనే.

కంచరపాలెం_విద్యార్థి
శనివారం, రాత్రి 8:50

ఇమేజ్ తీశాం. మొత్తం 40 గీగాబైట్లు, రెండు గంటల దాకా పట్టింది. చివర్లో రెండు చోట్ల డిస్క్ తడబడి మళ్లీ మళ్లీ చదివింది, కానీ అంతా వచ్చింది. రెండు ప్రతులు చేశాం. ఆటోనగర్ గారూ, ఒకటి షెడ్డులో ఉండనివ్వండి, రెండోది మాత్రం ఇవాళే ఇంటికి తీసుకువెళ్లండి. బీరువాలో, గుడ్డలో చుట్టి కాదు, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.